నూనె బావుల కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

కథ చదివాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1860ల్లో జనాన్ని ఊపేసిన నూనె పిచ్చి (వంటనూనె కాదు, భూమిలోంచి తోడే ముడి నూనె) మీద తెలుగులో రాయాలనిపించడమే నాకు నచ్చింది. కానీ మొదటి పేజీలోనే వైల్డ్‌క్యాటర్, టార్పెడో, టీమ్‌స్టర్, మూన్‌లైటర్ అంటూ వరసపెట్టి దింపేసి, చివర్లో పదకోశం కూడా తగిలించావు. ఎవరు చదువుతారయ్యా అది?

మూన్‌లైటర్‌నే తీసుకో. బావిలో నూనె తగ్గిపోతే అడుగున పేలుడు పెట్టి రాతిని పగలగొట్టే టార్పెడోకి రాబర్ట్స్ అనే ఆయన 1866లో పేటెంట్ తెచ్చుకున్నాడు. ఫీజు ఎలాగూ ఉంటుంది, దానిమీద పేల్చాక పెరిగిన నూనెలో 15వ వంతు కూడా ఆయనకే. చిన్న బావుల వాళ్లకి ఒళ్లు మండదా? అందుకని రాత్రిపూట దొంగచాటుగా నైట్రోగ్లిజరిన్ అనే, కుదిపితే పేలే ద్రవం మోసుకొచ్చి, తక్కువకి పేల్చేసి పోయేవాళ్లు తయారయ్యారు, ఆ పేరు వాళ్లది. చీకట్లో కాలు జారితే మనిషి ఆనవాలు కూడా మిగలదు. నువ్వేమో ఒక్క ముక్కలో అర్థం చెప్పి దాటేశావు.

టీమ్‌స్టర్ బదులు బండివాడు అని రాసినా చాలు. గుర్రాలు దిగబడే బురదలో పీపాలు లాగుతూ నోటికొచ్చిన రేటు అడిగేవాళ్లు. 1865లో శామ్యూల్ వాన్ సైకెల్ అనే నూనె వ్యాపారి పిట్‌హోల్ అనే ఊరి నుంచి ఐదు మైళ్లు పైపు వేసేసరికి వాళ్ల బేరం పోయింది, కోపంతో పైపులు పీకేశారు, కాపలా పెట్టాల్సొచ్చింది. ఆ పిట్‌హోల్‌లో జనవరిలో నూనె పడితే సెప్టెంబరుకల్లా 15 వేల మంది చేరారు. కొన్నేళ్లకే ఊరు ఖాళీ.

ఇంకోటి, ఈ పిచ్చికి మొదలైన డ్రేక్ అనే ఆయన బావి నుంచి నూనె ఆకాశానికి చిమ్మిందని రాశావు. లేదు. 1859 ఆగస్టులో 69 అడుగుల లోతున తగిలింది, మర్నాడు చూస్తే గొట్టంలో తేలుతోంది, పంపు పెట్టి తోడుకున్నారు. నీకు ఫౌంటెనే కావాలంటే కథని 1901కి, టెక్సస్‌లోని స్పిండిల్‌టాప్‌కి మార్చుకో. అన్నట్టు, డ్రేక్ రోజుల్లో ఆ నూనె కార్లకి కాదు, దీపాలకి. కిరసనాయిలు అని రాయి, మన అమ్మమ్మలకి కూడా తెలిసిన మాట.

పదకోశం తీసేసి, మూన్‌లైటర్ బావి దగ్గరికి వచ్చే రాత్రితో మొదలుపెట్టి మళ్లీ పంపు. పీపా, బురద, 15వ వంతు అన్నీ వాడి గొడవల్లోనే వచ్చేస్తాయి.

మీ అన్నయ్య