దిగుడు గురించి రాయి

చిరంజీవికి,

నీ కథలో ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు విశాఖ నుంచి అరకు ఎక్కుతోంది. చదవడం అక్కడే ఆపేశాను. ఖనిజం ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో కదా! అక్కడి కిరండూల్ స్టేషన్ వైపు లోడై, అనంతగిరి ఘాట్ దిగి విశాఖ దగ్గరి కొత్తవలస చేరుతుంది. పైకి పోయేవి ఖాళీ వ్యాగన్లు. జపాన్‌కి ఖనిజం పంపడానికే 1960లలో ఆ లైను వేశారు.

నీ డ్రైవరుకి ఆ ఘాట్‌లో గండం ఎక్కడం కాదు, దిగడం. ఆ లైన్లో శిమిలిగుడ స్టేషన్ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అది దాటాక ఘాట్‌లో 60 మీటర్లకు ఒక మీటరు పడిపోయే వాలు, వరసగా సొరంగాలు, వెనక నాలుగు వేల టన్నులు దాటిన బరువు. బ్రేకు పైపులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు ఉంటుంది. అది తగ్గిస్తే బ్రేకు పడుతుంది. వదిలాక చివరి వ్యాగను దాకా గాలి మళ్లీ నిండాలి, దానికి టైం పడుతుంది. నిండకముందే వేస్తూ వదులుతూ పోతే బ్రేకులో బలం ఉండదు. అందుకే ఇంజన్ మోటార్లతోనే వేగాన్ని పట్టి ఉంచి, గాలిని పొదుపుగా వాడతారు. ఆ లెక్కంతా ఒక మనిషి తలలో నడుస్తుంటే నువ్వు పేజీన్నర పొగమంచు రాశావు!

అరకు అనగానే మన పత్రికలకు పొగమంచు, బొర్రా గుహలు, కిటికీ పక్కన ప్రేమజంట కావాలి. వెనకటికి ఒక సంపాదకుడు నా కథలో బ్రేకుల పేరా కొట్టేసి, 'ప్రకృతి వర్ణన పెంచండి' అని రాశాడు. ఇంటద్దెకి ఆ పారితోషికం కావలసిన రోజులవి. అయినా కథ వెనక్కి తీసుకున్నాను. ఆ పేరా కోసం, డ్రైవర్లు డ్యూటీ దిగి పడుకునే రన్నింగ్ రూమ్ బయట డ్రైవర్ల కోసం కాచుకునేవాణ్ణి. రాత్రి డ్యూటీ దిగొచ్చిన ఒకాయన, నిద్ర మానుకుని, టీ బల్ల మీద అరచేయి ఆనించి ఎంత ఒత్తితే ఏమవుతుందో చూపించాడు. పనిని రాయకుండా పనిచేసేవాణ్ణి రాయలేం. ఇది నా నమ్మకం, ఎవరు చెప్పినా మార్చుకోను.

డ్యూటీ అయ్యేదాకా ఫ్లాస్కు మూత తియ్యలేదని రాశావు చూడు, ఆ వాక్యం మంచిది. చెయ్యి ఎందుకు ఖాళీ లేదో రాస్తే ఇంకా నిలబడుతుంది. రైలుని కిందికి తిప్పి, మూడో పేజీ నుంచి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో.