అక్కా ఒక మాట: ఉగాండా పల్లెలో మిషన్ పనికి పోతే రోజు ఎట్ల గడుస్తాది?

ప్రశ్న: అక్కా, మాది జమ్మలమడుగు పక్కన పల్లె. మా చిన్నమ్మాయి జీఎన్ఎం చేసి నాలుగేండ్లు నర్సుగా పనిచేసింది. ఇప్పుడు చర్చి తరపున ఉగాండాలో ఏదో పల్లెలో మిషన్ డిస్పెన్సరీకి రెండేండ్లు పోతానంటాంది. అల్లుడు కూడా సరే అన్నాడు, నాకే నిద్ర పట్టడంల్యా. నువ్వు ఆరేండ్లు ఉండొచ్చినావంట కదా, ఆడ ఏం తింటారు, పొద్దస్తమానం ఏం చేస్తారు, దాచకుండా చెప్పు.
– ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: అమ్మా, తిండి సంగతి ముందు చెప్తా, లేకుంటే మిగతాది మీరు చదవరు. ఆడ మొక్కజొన్న పిండిని మరిగే నీళ్లలో పోసి తెడ్డుతో గట్టిగా గెలుకుతారు, పోషో అంటారు, మన సంగటే అనుకోండి, కాకపోతే తెల్లగా చప్పగా ఉంటాది, పక్కన ఉడికిన బీన్స్. నేనుండిన మసాకా వైపు అయితే పచ్చి అరటికాయలు అరటాకుల్లో మూటకట్టి ఆవిరికి ఉడికించి మెదిపి పెడతారు, అది మటోకే, దానిమీద చెనక్కాయల పులుసు. ఫస్ట్ టైమ్ ఆ చెనక్కాయల వాసన తగిలినప్పుడు నాకు ఏడుపొచ్చింది, అనంతపురం దాన్ని కదా. కారం మాత్రం అస్సలుండదు, ఊరిమిండికి సరిపడా ఎండుమిరపకాయలు కట్టి పంపండి.

ఇంక రోజంటారా, ఐదున్నరకి లేస్తే ముందు నీళ్లు. 20 లీటర్ల పసుపు క్యాన్లు తీసుకొని బోరింగు కాడికి పోవాల. ఆ బోరింగు చూస్తే మనూర్లో ఉండేదే, ఇండియా మార్క్ టూ అని 1970ల్లో మన దేశంలోనే తయారైన మోడల్, ఆఫ్రికాలో చాలా ఊర్లలో అదే. తెచ్చిన నీళ్లు కాంచి చల్లార్చుకోవాల. తర్వాత అందరూ కలిసి చిన్న ప్రార్థన, ఆమీట డిస్పెన్సరీ. వచ్చేవాళ్లలో సగం మంది మలేరియానే అనిపిస్తాది, వేలి కొన గుచ్చి రక్తం చుక్క కిట్ మీద ఏసి పావుగంట చూడాల, ఈలోపు గర్భిణీ ఆడోళ్లు, పిల్లల టీకాలు. వాక్యం చెప్పేదానికే పొద్దంతా పోతాదనుకుంటారు మనోళ్లు, నాకైతే ఆదివారం, ఇంకో సాయంత్రం, అంతే.

మీ పాప నేర్చుకోవాల్సింది వేరే ఉంది, పలకరింపు. నేను పోయిన మొదటి వారం బోరింగు కాడ ముసలామెను, కొంచెం జరగమ్మా లేటైతాంది అన్నా. ఆమె జరిగింది కానీ నా మొగం చూడలా, క్యూలో ఎవరూ మాట్లాడలా. నాకు అర్థమే కాలా. సాయంత్రం మా డిస్పెన్సరీ ఆయమ్మ చెప్పింది, నువ్వు 'వాసుజె ఒట్యా' అనలేదు కదా అని, అంటే రాత్రి ఎట్ల నిద్రపోయినావు అని. అది అడగాల, ఆమె చెప్పాల, తిరిగి ఆమె అడగాల, అప్పుడే ఏ పనైనా. మనూర్లో ఎవరింటికన్నా పోయి "తిన్యావా" అని కూడా అడక్కుండా అప్పు అడిగితే ఎట్లుంటాదో అట్లున్నిందన్నమాట నా పని. మర్నాడు పోయి అడిగినా, ఆమె నవ్వి నా క్యాన్ ముందు పెట్టింది.

ఇంకోటి, టైము. పొద్దున ఏడు గంటల్ని వాళ్లు ఒకటి అంటారు, ఆడ ఏడాదంతా ఇంచుమించు అప్పుడే తెల్లారతాది కాబట్టి లెక్క అక్కణ్ణుంచి. టీకాల క్యాంప్ 'సావా సటు', మూడు గంటలకి అంటే నేను మధ్యానం మూడుకి తీరిగ్గా పోయినా, తల్లులు పొద్దున తొమ్మిదికే వచ్చి, చూసి చూసి పిల్లల్నెత్తుకొని ఎల్లిపోయినారు. ఇప్పటికీ సిగ్గైతాది.

కష్టం ఏందంటే సాయంత్రాలు. ఏడింటికల్లా చీకటి, సోలార్ లైటు, తెలుగు మాట్లాడే మనిషి ఉండరు. మీరు ఫోన్ చేసేటప్పుడు ఏడవద్దు, ఊరి ముచ్చట్లు చెప్పండి చాలు.

ప్రశ్న: అక్కా, తెల్లోళ్లొచ్చి మనకు చెప్పినారు సరే, ఇప్పుడు మనం పోయి ఆఫ్రికావాళ్లకి చెప్పాలా? వాళ్లకి చర్చిలు లేవా?
– డిగ్రీ స్టూడెంట్, అనంతపురం

జవాబు: ఉన్నాయి నాయనా, మస్తుగా. ఉగాండాకి ఆంగ్లికన్ మిషనరీలు 1877లోనే వచ్చినారు. 1886లో రాజు మ్వాంగా టైమ్‌లో నముగోంగో దగ్గర నమ్మినోళ్లని కాల్చి చంపినారు, ఇప్పటికీ జూన్ 3 ఆ దేశంలో సెలవు, ఆ రోజుకని వారాల తరబడి నడిచొచ్చేవాళ్లున్నారు. మా ఊరి ఉపదేశికి నాకంటే బైబిల్ ఎక్కువ తెలుసు, నేను పోయింది సూది పట్టుకునేదానికి. మన కడపకి 1822లో వచ్చిన లండన్ మిషన్ వాళ్లే తర్వాత లివింగ్‌స్టన్‌ని ఆఫ్రికాకి పంపింది, ఆయనా డాక్టరే.

ప్రశ్న: పోయే ముందు ఏం చేపించుకోవాల అక్కా?
– కర్నూలు

జవాబు: ఎల్లో ఫీవర్ టీకా, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు. ఆ కార్డు పారేసుకోవద్దు, తిరిగొచ్చేటప్పుడు లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా విడిగా పెడతారు. నర్సులైతే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, వర్క్ పర్మిట్, ఇవి పంపేవాళ్ల చేత ముందే రాతలో చెప్పించుకోండి. దోమతెర. ఇంక మట్టినేల మీద ఉట్టి కాళ్లతో నడవద్దు, జిగ్గర్ అని ఒక పురుగు కాలివేలి గోరు పక్కన దూరి గుడ్లు పెడతాది, నాకు రెండుసార్లు పిన్నుతో తీసినారు, ఆయమ్మ నవ్వుతానే ఉంది.