కెనడా పొలాల్లో లారీ నడపడానికి ఇక్కడ పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. మూడున్నర ఎకరాల పొలం ఉంది. మా అబ్బాయికి 23 ఏళ్లు, బీకాం పూర్తి చేశాడు. పై చదువుల మీద ఆసక్తి లేదు. ట్రాక్టర్, వరి కోత మిషన్ బాగా నడుపుతాడు. కారు లైసెన్సు ఉంది, హెవీ లైసెన్సు లేదు. కెనడాలోని సస్కాచెవాన్‌లో పెద్ద రైతుల దగ్గర ట్రక్కు డ్రైవర్ ఉద్యోగం ఇప్పిస్తామని, రెండేళ్లలో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) కూడా వస్తుందని హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. 14 లక్షలు అడుగుతున్నారు. ఒక ఎకరం అమ్మితే సరిపోతుంది. బంధువుల పిల్లలందరూ అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. వీడు ఒక్కడే ఇక్కడ మిగిలాడు. వీడికి కెనడా మంచిదా, ఆస్ట్రేలియా మంచిదా?
– ఒక తండ్రి

జవాబు: ఎకరం అమ్మకండి. ఎవరి దగ్గరైనా బయానా తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయండి. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి కెనడా, ఇంకొకరికి పోలండ్, మరొకరికి న్యూజిలాండ్. ఏజెంటు అడిగే మొత్తం కూడా మారుతుంది. అడుగున ఉన్న బెంగ మాత్రం మారదు. మీ ఉత్తరంలో అది ‘వీడు ఒక్కడే ఇక్కడ మిగిలాడు’ అన్న మాటలో ఉంది. దాని సంగతి తప్పకుండా మాట్లాడతాను. ముందు, మీ అబ్బాయికి చూపిస్తున్న ఉద్యోగం ఎలా ఉంటుందో వినండి. ఏజెంటు ఇది మీకు చెప్పి ఉండడు.

సస్కాచెవాన్‌లో గోధుమ, కనోలా అనే నూనెగింజలు, బఠానీ, ఎర్రపప్పు విస్తారంగా పండుతాయి. కెనడా నుంచి మన దేశానికి దిగుమతయ్యే మసూర్ పప్పు ఎక్కువగా అక్కడి పంటే. ఒక్కో రైతు వేల ఎకరాలు సాగు చేస్తాడు. మే నెలలో విత్తుతారు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోస్తారు. కోత రోజుల్లో హార్వెస్టర్ ఆగదు. దాని పక్కనే ఒక ట్రాక్టర్ పెద్ద తొట్టి బండిని లాగుతూ నడుస్తుంది. గింజలు ముందు అందులో పడతాయి, అక్కడి నుంచి పొలం అంచున నిలిపిన లారీకి చేరతాయి. ఇక డ్రైవర్ పని మొదలు. హ్యాండిల్ తిప్పి టార్పాలిన్ కప్పాలి. కంకర రోడ్డు మీద రైతు సొంత గాదెల దగ్గరికో, ఎలివేటర్ అని పిలిచే ధాన్యం కొనుగోలు కేంద్రానికో తోలాలి. అక్కడ వేబ్రిడ్జి ఎక్కించాలి, తేమ చూడటానికి శాంపిల్ తీసేదాకా ఆగాలి, లారీ అడుగున ఉండే తలుపు తెరిచి సరుకు దింపి మళ్లీ పొలానికి రావాలి. రోజుకు 14 గంటలు ఇలాగే గడవవచ్చు. అక్కడి చాలా ప్రావిన్సుల్లో, అంటే రాష్ట్రాల్లో, వ్యవసాయ కార్మికులకు ఓవర్‌టైమ్ నిబంధనలు వర్తించవు. గంటల లెక్కన జీతం కాబట్టి వాన ముసురు పట్టి కోత ఆగితే ఆ రోజుల కూలీ కూడా తగ్గవచ్చు.

ప్రమాదాలు కూడా చెప్పాలి. గాదెలో నుంచి గింజలు కిందికి జారుతున్నప్పుడు లోపల అడుగు పెట్టిన మనిషి క్షణాల్లో కూరుకుపోతాడు. గింజలు ఎత్తే పొడవాటి ఆగర్ పైనున్న కరెంటు తీగకు తగిలి ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. చలికాలంలో చలి మైనస్ 30 డిగ్రీలకు దిగుతుంది. పక్క ఊరు ఎంతో దూరం. మన దగ్గర ఆర్టీసీ ఉన్నట్టు అక్కడ కూడా ప్రభుత్వ బస్సు సంస్థ ఉండేది, దాన్ని 2017లో మూసేశారు. సొంత వాహనం లేకపోతే యజమాని తీసుకెళ్తేనే కొట్టుకు వెళ్లి ఉప్పూ పప్పూ తెచ్చుకోవాలి.

ఇది చెడ్డ పని అని నేను అనడం లేదు. కష్టపడే కుర్రాడికి గౌరవంగా బతకగలిగే పని. ప్రకటనల్లో గంటకు 20 నుంచి 30 కెనడా డాలర్ల వరకు కనిపిస్తుంది. యంత్రాలంటే ఇష్టం ఉన్నవాడికి నచ్చవచ్చు కూడా. నా అభ్యంతరం పని మీద కాదు. దాన్ని మీకు అమ్ముతున్న తీరు మీద.

కెనడా రైతు విదేశీ పనివాడిని తెచ్చుకోవాలంటే, స్థానికంగా మనిషి దొరకలేదని ప్రభుత్వానికి చూపించి ఎల్ఎంఐఏ అనే అనుమతి తీసుకోవాలి. దానికి రుసుము ఉంటే కట్టాల్సింది యజమాని. పనివాడి దగ్గర వసూలు చేయకూడదు. విదేశీ పనివారి నుంచి ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోవడం సస్కాచెవాన్‌లో చట్టవిరుద్ధం. వ్యవసాయ విభాగం కింద పిలిపిస్తే రానుపోను ప్రయాణ ఖర్చు, ఉండటానికి వసతి కూడా యజమానే చూడాలి. మరి మీ 14 లక్షలు దేనికి? టికెట్‌కు కాదు, వసతికి కాదు, ప్రభుత్వ రుసుముకు కాదు. ఎల్ఎంఐఏ కాగితాన్ని సరుకులా కొని అమ్ముతున్నారు. నకిలీ కాగితమైతే డబ్బు పోతుంది. తప్పుడు పత్రాలు పెట్టినట్టు తేలితే కెనడా ఐదేళ్లపాటు మీ అబ్బాయిని రానివ్వదు. అసలైన కాగితమే అయినా దాని మీద వచ్చే వర్క్ పర్మిట్ ఆ ఒక్క యజమానికే కట్టేసి ఉంటుంది. వెళ్లాక అతను జీతం ఎగ్గొట్టినా, చెప్పిన పని ఇవ్వకపోయినా, 14 లక్షల భారం మెడ మీద ఉన్న కుర్రాడు నోరెత్తడు.

రెండేళ్లలో పీఆర్ అన్న మాట ఇంకా పెద్ద మోసం. ఇలా కాగితాలు అమ్ముకోవడాన్ని ఆపడానికే కెనడా ప్రభుత్వం 2025 మార్చి 25 నుంచి, పీఆర్‌కు పాయింట్ల మీద మనుషులను ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో, ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే అదనపు పాయింట్లను తీసేసింది. అదే ఏడాది సస్కాచెవాన్ కూడా, పీఆర్ కోసం తాను చేసే సిఫార్సుల్లో (నామినేషన్లలో) లారీ రవాణా, హోటళ్లు, చిల్లర వ్యాపారం అన్నిటికీ కలిపి 25 శాతం మించకూడదని పరిమితి పెట్టింది. ‘ముందు విజిటర్ వీసా మీద వెళ్లనివ్వండి, అక్కడ వర్క్ పర్మిట్‌గా మార్చుకోవచ్చు’ అని కూడా వాళ్లు చెబుతారు. ఆ వెసులుబాటు 2024 ఆగస్టు 28తో ముగిసింది.

ఇక లైసెన్సు. ఇక్కడ నా అనుమానాలు ఎక్కువ, కాస్త వివరంగా చెప్పనివ్వండి. సస్కాచెవాన్ మన లైసెన్సును నేరుగా మార్చి ఇవ్వదు. మళ్లీ రాత పరీక్ష, రోడ్డు పరీక్ష ఉంటాయి. సెమీ ట్రైలర్, అంటే వెనక ట్రైలర్ తగిలించిన పెద్ద లారీ, నడపాలంటే క్లాస్ 1 లైసెన్సు కావాలి. దానికి 121.5 గంటల తప్పనిసరి శిక్షణ, వేల డాలర్ల ఖర్చు. ఈ నిబంధన 2019లో వచ్చింది. ఎందుకు వచ్చిందో మీ అబ్బాయి తప్పక తెలుసుకోవాలి.

2018 ఏప్రిల్ 6న అదే సస్కాచెవాన్‌లో, గ్రామీణ రహదారుల కూడలిలో, నర్సరీలకు వాడే పీట్ మాస్ లోడుతో వెళ్తున్న సెమీ ట్రక్కు స్టాప్ గుర్తు దాటిపోయింది. హంబోల్ట్ బ్రాంకోస్ అనే కుర్రాళ్ల ఐస్ హాకీ జట్టు బస్సు దాన్ని ఢీకొంది. 16 మంది చనిపోయారు. డ్రైవర్ మన దేశం నుంచి వెళ్లిన యువకుడు. ఆ లారీ ఉద్యోగంలో చేరి అప్పటికి కొద్ది వారాలే. వెనక ట్రైలర్ మీద టార్పాలిన్ రెపరెపలాడుతుంటే అతని ధ్యాస దాని మీదికి పోయిందని అతని లాయరు కోర్టులో చెప్పాడు. అతనికి ఎనిమిదేళ్ల జైలు శిక్ష పడింది. మద్యం తాగలేదు, ఫోను చూడలేదు. తగినంత శిక్షణ లేని కుర్రాడిని రెండు ట్రైలర్ల బండి ఎక్కించి పంపారు. చేతిలో హెవీ లైసెన్సే లేని మీ అబ్బాయిని ‘వెళ్లాక నేర్చుకుంటాడు’ అని పంపుతామంటున్న వారిని తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

ఆస్ట్రేలియా సంగతి అడిగారు కదా. లారీ డ్రైవర్ ఉద్యోగం అక్కడి సాధారణ నైపుణ్య వలస జాబితాల్లో లేదు. కొన్ని ప్రాంతాల ప్రత్యేక ఒప్పందాలు తప్ప దారి లేదు. అయితే మీ అబ్బాయికి సరిపోయే చిన్న ద్వారం ఒకటి ఉంది. ‘వర్క్ అండ్ హాలిడే’ అనే 462 వీసాను 2024లో మనవారికి తెరిచారు. ఏడాదికి 1000 మందికి ఇస్తారు, లాటరీ పద్ధతిలో. 18 నుంచి 30 ఏళ్ల వయసు, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, కొంత ఇంగ్లీషు, దగ్గర పెట్టుకోవడానికి సుమారు 5000 ఆస్ట్రేలియా డాలర్లు ఉండాలి. లాటరీకి పేరు నమోదు రుసుము 25 డాలర్లు మాత్రమే. ఏజెంటు అవసరమే లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ కోతలు అక్టోబరు నుంచి డిసెంబరు, జనవరి దాకా సాగుతాయి. హార్వెస్టర్ పక్కన చేజర్ బిన్ అనే తొట్టి బండిని లాగే ట్రాక్టర్‌కు మనుషులు కావాలి. పొలం లోపల ఆ ట్రాక్టర్ నడపడానికి లారీ లైసెన్సు అడగరు. మీ అబ్బాయి చేతిలో ఉన్న పనితనం అక్కడ నిజంగా పనికొస్తుంది. గ్రామీణ ప్రాంతంలో మూడు నెలలు అలాంటి పని చేస్తే రెండో ఏడాదికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది స్థిరపడే దారి కాదు. వెళ్లి, పని చూసి, కొంత సంపాదించుకుని వచ్చే దారి. రెండిటిలో ఒకటి ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. పోయినా 25 డాలర్లే కదా. అమెరికా గురించి ఎవరైనా చెబితే, లారీ డ్రైవర్లకు వర్క్ వీసాలు నిలిపివేస్తున్నట్టు 2025 ఆగస్టులో ఆ దేశం ప్రకటించిందని గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు మీతో నేరుగా మాట్లాడాలి. మీ ఉత్తరంలో కన్సల్టెన్సీ ఏమంటోందో ఉంది, బంధువుల పిల్లలు ఎక్కడున్నారో ఉంది. మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. అతన్ని అడిగారా? ఇదే అబ్బాయి మిర్యాలగూడ రైస్ మిల్లులకు ధాన్యం లారీ తోలుకుంటానంటే మీరు ఒప్పుకుంటారా? డిగ్రీ చదివించింది ఇందుకా అని కసురుకుంటారు, సంబంధాలు రావని బాధపడతారు. ఆ ధాన్యం లారీయే వేల మైళ్ల దూరంలో నడిపితే నలుగురిలో చెప్పుకోవచ్చని మీ ఆశ. ఆ ఎకరం అమ్ముతున్నది అబ్బాయి బతుకు కోసం కాదండీ, పెళ్లిళ్లలో ‘మీవాడు ఎక్కడున్నాడు’ అని అడిగేవారికి జవాబు చెప్పడం కోసం. నా మాట మీకు నొప్పిగా ఉంటుందని తెలుసు. అయినా అనక తప్పదు, ఎందుకంటే ఈ ఖరీదు కట్టేది మీరు కాదు, 23 ఏళ్ల కుర్రాడు.

‘మిగిలిపోయాడు’ అన్న మాట ఇంట్లో అనకండి, అతను వినేలా అసలు అనకండి. పైచదువుకని లక్షల రుణంతో వెళ్లి ఉద్యోగం దొరక్క సతమతమవుతున్న పిల్లలు ఎంతమందో ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఆ సంగతి ఫంక్షన్లలో చెప్పరు. మీ అబ్బాయికి అప్పు లేదు, ఒక యంత్రం మీద పట్టు ఉంది, లెక్కలు రాయడం తెలిసిన డిగ్రీ ఉంది, వెనక మూడున్నర ఎకరాల నేల ఉంది. కోత మిషన్ నడపగలిగి, డీజిల్, కిరాయి, మరమ్మతుల లెక్క రాసుకోగలిగిన కుర్రాళ్లు ఎందరున్నారు? వరి సీజన్‌లో పంజాబ్ నుంచి డ్రైవర్లు మిషన్లతో సహా మన జిల్లాలకు వచ్చి సంపాదించుకుని వెళ్తున్నారు. ఆ పని మీ ఇంటి ముందే ఉంది. యంత్రాల అద్దె కేంద్రాలకు ప్రభుత్వ రాయితీలు ఎప్పటికప్పుడు వస్తుంటాయి. మండల వ్యవసాయ అధికారిని అడిగితే ఇప్పుడు ఏమున్నాయో చెబుతారు.

అబ్బాయికే విదేశం వెళ్లాలని ఉంటే, ఒక ఏడాది ఇక్కడ పెట్టమనండి. కారు లైసెన్సు తీసుకుని ఏడాది దాటితే హెవీకి దరఖాస్తు చేయవచ్చు. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో ప్రభుత్వం, అశోక్ లేలాండ్ కలిసి నెలకొల్పిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది. అక్కడ నేర్చుకోవచ్చు. తర్వాత కొన్ని నెలలు నిజమైన లోడుతో నడపాలి. ట్రైలర్‌ను అద్దాలు చూసుకుంటూ వెనక్కి తీయడం, ఎయిర్ బ్రేకులు, బండి కదిలే ముందు చేసే తనిఖీ, ఇవన్నీ ఇంగ్లీషులో చెప్పగలిగేలా తయారవ్వాలి. రోజూ ఒక గంట ఇంగ్లీషు మాట్లాడే సాధన పెట్టుకోవాలి. ఈ ఏడాదిలో అతనికి ఆ పని నిజంగా ఇష్టమో కాదో కూడా తేలిపోతుంది. కాదని తేలితే మీకు పోయిందేమీ లేదు.

ఉద్యోగాలు వెతకడానికి కెనడా ప్రభుత్వ జాబ్ బ్యాంక్ ఉచితం. మన దగ్గర టామ్‌కామ్ ఉంది, అది విదేశాల్లో ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ. ఎవరైనా ఏజెంటు మళ్లీ వస్తే, విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు కూడా అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. చదువుకు పంపే కన్సల్టెన్సీ బోర్డు ఉన్నంత మాత్రాన ఉద్యోగాలకు మనుషులను పంపే అనుమతి ఉన్నట్టు కాదు.

కన్సల్టెన్సీకి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదు, బ్యాంకు వివరాలు, వాట్సాప్ సందేశాలు చెరపకుండా దాచండి. డబ్బు తిరిగి ఇమ్మని కాగితం మీద రాసి ఇచ్చి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. తిప్పుకుంటుంటే పోలీసులకు ఫిర్యాదు చేయండి. అబ్బాయి పాస్‌పోర్టు, డిగ్రీ సర్టిఫికెట్లు వారి దగ్గర ఉంటే మాత్రం ఫిర్యాదు దాకా ఆగకండి. రేపే అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చుకోండి.