రోజూ వేసుకునే విటమిన్ మాత్రను లేబుల్ చూసి ఎంచుకోవడం ఎలా?

మీరిద్దరూ గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారనీ, ఇద్దరూ శాకాహారులనీ, మీ శ్రీమతిగారు థైరాయిడ్ మాత్ర వాడుతున్నారనీ, త్వరలో బిడ్డ కావాలనుకుంటున్నారనీ రాశారు. మందుల షాపులో దొరికే 150 రూపాయల స్ట్రిప్పు, ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలకు అమ్మే అమెరికా సీసా, ఆఫీసులో అందరూ తింటున్న, జెల్లీ మిఠాయిల్లాంటి విటమిన్ గమ్మీలు, ఈ మూడింటిలో రోజూ వేసుకోవడానికి ఏది నాణ్యమైనదని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. జిగణి పారిశ్రామికవాడలో మాత్రలు తయారుచేసే ఒక సంస్థలో, నాణ్యతా పరీక్షల విభాగంలో చాలాకాలం పనిచేశాను. అందువల్ల ఏది వేసుకోవాలో చెప్పే అధికారం నాకు లేకపోయినా, లేబుల్ ఎలా చదవాలో, ఏ మాత్ర దగ్గర అనుమానపడాలో చెప్పగలను.

మల్టీవిటమిన్ కొనేవారు దినుసుల పట్టిక ఎంత పొడవుంటే అంత మంచి మాత్ర అనుకుంటారు. లోపల పనిచేసినవారికి ఆ పొడవే అనుమానం కలిగిస్తుంది. మాత్ర బరువు ఒకటిన్నర గ్రాము దాటితే మింగడం కష్టం. పెద్దలకు రోజుకు కావలసిన కాల్షియం 1,000 మిల్లీగ్రాములు. కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 40 శాతమే కనుక, ఆ ఒక్కదానికే రెండున్నర గ్రాముల చోటు కావాలి. కాబట్టి 30 దినుసుల మాత్రలో కాల్షియం పేరు కనిపించినా, అది పట్టికలో ఒక వరుస నింపడానికి తప్ప ఎముకలకు పెద్దగా పనికిరాదు. బి12తో ఇబ్బంది దీనికి సరిగ్గా ఎదురు. గ్రాము బరువున్న మాత్రలో 2 మైక్రోగ్రాముల బి12 వేయడమంటే, అయిదు లక్షల వంతులలో ఒక వంతును ప్రతి మాత్రలోకీ సమానంగా చేర్చడం. అది చేయలేని పని కాదు గానీ, శ్రద్ధగా చేసే సంస్థకూ, ఎలాగో కలిపేసి ప్యాక్ చేసే సంస్థకూ తేడా బయటపడేది అక్కడే. దీనికి తోడు సి విటమిన్‌ను ఇనుముతోనూ రాగితోనూ ఒకే మాత్రలో పెట్టి, అందులో కాస్త తేమ చేరనిస్తే అది క్రమంగా పాడవుతుంది. పాడవుతూ బి12ను కూడా దెబ్బతీస్తుంది. ఎక్స్‌పైరీ తేదీ నాటికి లేబుల్‌పై రాసిన పరిమాణం మిగిలి ఉండాలని తయారీదారులు కొన్ని విటమిన్లను ముందుగానే కొంత ఎక్కువ వేస్తారు. అది మోసం కాదు, అవసరం.

మన దేశంలో బి12ను ఎక్కువగా మిథైల్‌కోబాలమిన్ రూపంలో అమ్ముతారు. చూడడానికి ముదురు ఎరుపు పొడి. దాన్ని పరీక్షించే రోజున మా ల్యాబులో కిటికీ తెరలు దించి, ట్యూబులైట్లు ఆర్పి, గోధుమరంగు గాజు ఫ్లాస్కుల్లోనే ద్రావణం తయారుచేసేవాళ్ళం. మామూలు ఫ్లాస్కులో బల్లమీద కాసేపు వెలుతురులో వదిలితే, హెచ్‌పీఎల్‌సీ (దినుసులను విడదీసి కొలిచే) యంత్రం గీసే గీతలో బి12ను చూపే అసలు పీక్, అంటే శిఖరం, కుంగిపోయి, దాని పక్కన మరో పీక్ లేచేది. అందుకే ఈ రూపంలో బి12 కొనేటప్పుడు, లోపలి మాత్ర కనిపించే పారదర్శకమైన స్ట్రిప్పు కంటే, రెండువైపులా అల్యూమినియం రేకు ఉన్న స్ట్రిప్పును ఎంచుకుంటాను. సయనోకోబాలమిన్ అనే పాతరూపం ఇంతకంటే స్థిరమైనది, చవకైనది కూడా. దాని పేరులో సయనైడ్ ధ్వనిస్తుందని భయపెట్టే వీడియోలు తిరుగుతుంటాయి గానీ, మామూలు మోతాదులో వచ్చే ఆ అంశ లెక్కలోకి రానంత స్వల్పం.

మాత్ర కడుపులో విడిపోతుందా లేదా అన్నది మరో ప్రధానమైన పరీక్ష. అడుగున జల్లెడ ఉన్న ఆరు గాజు గొట్టాల్లో ఒక్కొక్క మాత్ర వేసి, 37 డిగ్రీల నీటిలో ఆ బుట్టను నిమిషానికి సుమారు 30 సార్లు పైకీ కిందికీ ఆడిస్తారు. పైపూత లేని మామూలు మాత్ర పావుగంటలో, పలుచని పూత ఉన్నది అరగంటలో జల్లెడలోంచి జారిపోవాలి. ఇంట్లో వెనిగర్‌లో మాత్ర వేసి చూడమని కొందరు సలహా ఇస్తారు. కడుపు దాటాక పేగులో మాత్రమే కరిగేలా పూత పూసిన మంచి మాత్ర కూడా ఆ పరీక్షలో తప్పుతుంది కాబట్టి దాన్ని నమ్మకండి.

ఈ పరీక్షలు మీరు చేయలేరు కనుక లేబులే ఆధారం. మన దేశంలో విటమిన్లు రెండు దారుల్లో అమ్మకానికి వస్తాయి. ఔషధంగా వచ్చేవి 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తాయి. స్ట్రిప్పు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, చాలా దినుసుల పేర్ల తర్వాత ‘ఐపీ’ అనే అక్షరాలు ఉంటాయి. ఐపీ అంటే ఆ దినుసు భారత ఔషధ ప్రమాణ గ్రంథంలోని కొలతలకు సరిపోతుందని తయారీదారు చెప్పడం. ఆహారంగా వచ్చేవి 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందివి; వాటి మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) గుర్తు, 14 అంకెల నంబరు, మందుగా వాడకూడదన్న హెచ్చరిక ఉంటాయి. ఆ నంబరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైటులో వేసి, లైసెన్సు ఎవరి పేరున ఉందో సరిచూసుకోవచ్చు. లోపం ఉందని పరీక్షలో తేలినవారికి ఔషధ లైసెన్సు కింద వచ్చే మాత్రే మేలని నా అభిప్రాయం. లోపం లేకుండా ముందుజాగ్రత్తగా వేసుకునేవారికి రెండోదైనా ఫరవాలేదు. దినుసులను విడివిడిగా రాయకుండా ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని గుత్తగా ఒకే బరువు రాసినది మాత్రం, ఎంత పేరున్న సంస్థదైనా, పక్కన పెట్టేయండి.

ఇక పరిమాణాలు. వీటికి మనం చూడవలసింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన అంకెలను. పెద్దలకు రోజుకు బి12 2.2 మైక్రోగ్రాములు, డి విటమిన్ 600 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు), ఇనుము పురుషులకు 19, స్త్రీలకు 29 మిల్లీగ్రాములు. అమెరికా సీసాల మీద నూరు శాతం అని రాసేది అక్కడి లెక్క ప్రకారం. వారి 18 మిల్లీగ్రాముల ఇనుము మన స్త్రీల అవసరంలో 62 శాతమే అవుతుంది. అన్నం, పప్పు ప్రధానంగా తినేవారికి ఆహారంలోని ఇనుము తక్కువగా ఒంటబడుతుంది కనుక మన అంకె పెద్దది. అలాగే ‘ఫెర్రస్ ఫ్యూమరేట్ ఇన్ని మిల్లీగ్రాములు’ అని ఉంటే అది మొత్తం ఇనుము కాదు, సుమారు మూడో వంతు మాత్రమే. ఎలిమెంటల్ అనే మాట పక్కన ఉన్న అంకెనే చదవాలి.

మీ ఇద్దరికీ మల్టీవిటమిన్ కంటే ముందు చూసుకోవలసినవి బి12, డి అని నాకనిపిస్తుంది. శాకాహారులకు బి12 దాదాపుగా పాలు, పెరుగు నుంచే రావాలి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, ఎసిడిటీకి పాంటొప్రజోల్ వంటివి ఏళ్ళ తరబడి వాడేవారిలో అది ఇంకా తగ్గుతుంది. మా అత్తగారు కడప నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు అరికాళ్ళ తిమ్మిర్లను షుగరు వల్లనే అనుకొని సరిపెట్టుకునేవారు. ఇక్కడి డాక్టరుగారు బి12 చూపించమంటే చాలా తక్కువని తేలింది. ఇంజక్షన్ల తర్వాత మాత్రలకు మారమన్నప్పుడు, జయనగర్‌లో మేము వెళ్ళిన మందుల షాపతను ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, బి6, ఇంకా ఏవేవో కలిపిన మాత్ర చేతికిచ్చాడు. ఒక్క బి12 మాత్రమే ఉన్నది ఇమ్మని అడిగితే, వెనక అరలోంచి దాదాపు మూడో వంతు ధరకు తీసి ఇచ్చాడు. ఎక్కువ మోతాదులో బి6ను దీర్ఘకాలం వాడితే అదే నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెప్పించగలదు కనుక, ఆ కలయికను నేను వద్దనుకున్నాను. పరీక్ష చేయించదలిస్తే మాత్రలు మొదలుపెట్టకముందే చేయించండి. వేసుకుంటూ చేయిస్తే అంకె పైకి బాగానే కనిపించి లోపం దాగిపోతుంది.

డి విటమిన్ విషయంలో వారానికొకటి వేసుకునే 60,000 ఐయూ గుళికల గురించి ఒక మాట. అది రోజువారీ అవసరానికి నూరు రెట్లు. వైద్యులు దాన్ని లోపం తీర్చడానికి కొన్ని వారాలకు రాస్తారు. చీటీ గడువు తీరాక కూడా కొంటూనే ఉండేవారు మా అపార్ట్‌మెంటులోనే ఉన్నారు. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి, ఒంట్లో నిలవ ఉంటాయి. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల మీదికి వస్తుంది. ఇంకొకటి, మీరు శాకాహారులు కనుక చెబుతున్నాను: డి3ను చాలావరకు గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారు, మెత్తని గుళిక తొడుగు తరచుగా జంతువుల నుంచి తీసే జెలటిన్. ఆకుపచ్చ చుక్క చూసి కొనండి, లేదా లైకెన్ (రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద పెరిగే నాచులాంటిది) నుంచి తీసిన డి3 అని రాసినది వెతకండి.

గమ్మీల గురించి ఎక్కువ చెప్పను. చక్కెర ఉంటుంది, రుచి చెడుతుందని సాధారణంగా ఇనుము వేయరు, తేమ ఎక్కువ కనుక విటమిన్లు తొందరగా తగ్గుతాయి, మిఠాయిలా ఉండడం వల్ల పిల్లల చేతికి చిక్కితే ప్రమాదం. అమెరికా సీసా మీద యూఎస్‌పీ వెరిఫైడ్ లేదా ఎన్‌ఎస్‌ఎఫ్ ముద్ర ఉంటే, బయటి సంస్థ ఒకటి లోపలి పరిమాణాలనూ కల్మషాలనూ పరీక్షించిందని అర్థం. దానికి విలువ ఉంది. కానీ మన దేశంలో అమ్మే సీసాకు దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉన్న స్టిక్కర్ తప్పనిసరి. అది లేని సీసా ఏ గోదాములో ఎంత వేడిలో ఉండి వచ్చిందో ఎవరికీ తెలియదు. 1,800 పెట్టి దాన్ని కొనడం కంటే, స్ట్రిప్పే మేలు.

పైగా ఆరోగ్యవంతులకు మల్టీవిటమిన్ చేసే మేలు అంత పెద్దదేమీ కాదు. 50 ఏళ్ళు దాటిన 14,641 మంది అమెరికా పురుష వైద్యులపై పదేళ్ళకు పైగా సాగి, 2012లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో క్యాన్సర్లు 8 శాతం తగ్గాయి గానీ గుండెజబ్బులు తగ్గలేదు.

మీ శ్రీమతిగారి విషయం మీకంటే భిన్నం. గర్భం దాల్చడానికి కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) వేసుకోవాలని చెబుతారు. ఆ మోతాదు ఆవిడ డాక్టరుగారు నిర్ణయించాలి. (దాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.) బి12 లోపం ఉండగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో వేసుకుంటే, రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించి నరాల నష్టం మాత్రం సాగుతుంది కనుక, బి12 పరీక్ష ఆవిడకు మరింత అవసరం. రెటినాల్ రూపంలో ఎ విటమిన్ ఎక్కువగా ఉన్న మాత్రలు గర్భిణులకు తగవు. థైరాయిడ్ మాత్రకూ, కాల్షియం, ఇనుము ఉన్న మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్రను టిఫిన్ తర్వాతి ఫిల్టర్ కాఫీతో కలపకుండా వేరే పూటకు మార్చుకోవాలి. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో, గమ్మీల్లో ఉండే అధిక బయోటిన్ (మరో బి విటమిన్) వల్ల కొన్ని ల్యాబుల పద్ధతుల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరును చెప్పే రక్తపరీక్ష అంకె) తప్పుగా తక్కువ చూపవచ్చు. అది చూసి థైరాయిడ్ మోతాదు అనవసరంగా తగ్గించే ప్రమాదం ఉంది కాబట్టి, ఆవిడ అలాంటిది ఏదైనా వాడుతుంటే పరీక్షకు రక్తమిచ్చే ముందు ఎన్ని రోజులు ఆపాలో డాక్టరుగారిని అడగండి.