ఒంటిమిట్ట గుడి దగ్గర పాత మిద్దె తీసి కొత్త ఇల్లు: సమాధానం

అన్నా, పాత మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కడతామని, గుడి గోపురానికి 160 మీటర్ల దూరం కాబట్టి ఇబ్బంది లేదని రాశారు. కొలత గోపురం నుంచి కాదు, గుడి చుట్టూ పురావస్తు శాఖ గుర్తించిన రక్షిత హద్దు నుంచి తీస్తారు. అక్కడి నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కుదరదు. 1992 జూన్ 16కు ముందున్న ఇంటికి మరమ్మతుకైతే అర్జీ పెట్టుకోవచ్చు. ఆ 100 మీటర్లు దాటాక మరో 200 మీటర్ల వరకు నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ (రక్షిత కట్టడాల చుట్టూ నిర్మాణాల అనుమతులు చూసే కేంద్ర సంస్థ) ఎన్ఓసీతో, అంటే అభ్యంతరం లేదనే పత్రంతో, కట్టొచ్చు. హద్దు తేలేదాకా మిద్దె మీద గునపం పడనీయొద్దు. ఇల్లు పడగొట్టేస్తే ఇక మరమ్మతు చేయడానికి ఏముంటుంది?

ఎన్ఓసీకి పెట్టే ప్లాన్‌లో ఇంటి ఎత్తును పిట్టగోడ, మెట్లగది, నీళ్ల ట్యాంకు కలిపే చూపించండి. చాలామంది స్లాబు వరకే రాసి ట్యాంకు దగ్గర ఇరుక్కుంటారు.

మీ ప్లాన్‌లో పడమటి వైపంతా అద్దాలే. కడప ఎండకు ఆ గదిలో కూర్చోలేరు. అద్దాలు లోపలి వాకిలి వైపు తిప్పి, వీధి వైపు రాతిగోడ ఉంచండి. మట్టితో కట్టిన పాత రాతిగోడలు ఉంచుకుంటే వాటికి సిమెంటు పూత మాత్రం వద్దు: తేమ బయటికి పోలేక పూత పెచ్చులుగా ఊడుతుంది. దాని బదులు సున్నం 1, ఇసుక 3 పాళ్ల పూతను పలుచటి పొరలుగా, వారం పాటు తడుపుతూ వేయించండి. పైకప్పు మీద నల్ల కడప బండ పరిస్తే రాత్రంతా సెగే. తెల్ల టైల్స్ వేసి, 100కి 1 వాలు పెట్టించండి.