మిద్దె తోట: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మిద్దె మీద 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు జాగా ఉంది. పీవీసీ పైపులు వంచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి సొంతంగా గ్రీన్‌హౌస్ వేసుకోవాలని ఉంది. స్లాబుకు రంధ్రాలు కొట్టాలా? ఎన్ని పైపులు పడతాయి?
– ఒక పాఠకురాలు, నాగోలు

జవాబు: స్లాబు జోలికి పోకండి. రంధ్రం కొట్టిన చోటే వానాకాలంలో కింది గదికి చెమ్మ దిగుతుంది. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్లు పది తెచ్చుకోండి. ఒక్కోదాంట్లో 20 మి.మీ. సలాక, 3 అడుగుల ముక్క, నిట్టనిలువుగా నిలబెట్టి 1:2:4 పాళ్ల (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు పోయండి. అడుగు పొడవు కాంక్రీటులో, రెండడుగులు పైకి ఉండాలి. వారం రోజులు తడుపుతూ ఉండండి. నిండు బకెట్ 48 కిలోల దాకా తూగుతుంది కాబట్టి మిద్దె మీదే పోసుకోవాలి, కింద పోసి మోసుకెళ్లే బరువు కాదు. పదీ కలిస్తే ఐదు క్వింటాళ్లకు దగ్గర. కింద గోడో బీమో ఉన్న వరుసలోనే పెట్టండి, స్లాబు నడిమధ్యన వద్దు.

బకెట్ల వరుసల మధ్య, సలాక నుంచి సలాకకు, 10 అడుగులు ఉంచండి. ఆ వెడల్పుకు అర్ధచంద్రాకారపు కమాను 15.7 అడుగుల పొడవు తీసుకుంటుంది. 20 అడుగుల పైపులో మిగిలే నాలుగు అడుగుల చిల్లర రెండు పక్కలా సలాకల మీద తొడగడానికి సరిపోతుంది. నడిమధ్య ఎత్తు బకెట్ల పైనుంచే 7 అడుగులు వస్తుంది, తల వంచకుండా తిరగొచ్చు. నాలుగు అడుగులకొకటి చొప్పున 16 అడుగుల పొడవుకు ఐదు కమానులు. నడినెత్తిన ఒకటి, పక్కల నడుము ఎత్తులో చెరొకటి, పొడవునా వెళ్లే పైపులు మూడు. మొత్తం ఎనిమిది. ఇంచు సైజులో గోడ మందంగా ఉన్న నీళ్ల పైపే కొనండి. వైరింగుకు వాడే పల్చటి పైపు మొదటి ఎండకే వంగిపోతుంది.

20 అడుగుల పైపు మెట్ల మలుపు తిరగదు. అందుకని చాలామంది సగానికి కోయించి, పైన కప్లరుతో (రెండు పైపులను కలిపే ముక్క) అతికిస్తారు. కమాను విరిగేది సరిగ్గా అక్కడే, కప్లరు పక్కన. బయటి నుంచి తాడు కట్టి లాగండి, కరెంటు తీగలు చూసుకుని. పైపు చిట్లే ఇంకో చోటు సలాక కొన దగ్గర. గాలికి ఊగినప్పుడల్లా ఇనుప అంచు లోపలి నుంచి కోస్తుంది. కొనకు పాత సైకిల్ ట్యూబు చుట్టండి.

పొడవు పైపుల్లో మిగిలిన నాలుగడుగుల ముక్కలు మూడూ దాచుకోండి. నాలుగేసి ఇంచులకు కోసి, ఒక పక్క నిలువునా పావు వంతు పట్టీ తీసేస్తే 36 క్లిప్పులు తయారు. షీటును కమాను మీద పరిచి టక్కున నొక్కితే పట్టేస్తాయి. అంచులు ఆకురాయితో రుద్దండి, లేదంటే షీటును బ్లేడులా చీరేస్తాయి. కమానులకు తెల్ల రంగు వేయడం మరవొద్దు. ఎండకు కాగిన పీవీసీ ఆనుకున్న చోటే షీటు ముందుగా పాడవుతుంది.

చివరి కమానులు రెండింటికీ ఏటవాలుగా వెదురు కర్ర కట్టండి. అది లేకపోతే ఈదురుగాలికి ఐదు కమానులూ ఒకే వైపు ఒరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు కమ్మి గాలిదుమారం లేస్తే, ఎంత బరువు కట్టినా సరే, షీటు విప్పేయడమే.

ప్రశ్న: 200 మైక్రాన్ల మందపు షీటు కప్పాం. ఫిబ్రవరి దాకా టమాటా బ్రహ్మాండంగా ఉంది. ఏప్రిల్లో పూతంతా రాలింది, ఆకులు ముడుచుకున్నాయి. ఫ్యాను పెట్టించమంటారా?
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: ఫ్యాను వద్దు, షీటు తీసేయండి. చలి దేశాల్లో గ్రీన్‌హౌస్ వేసేది వేడిని లోపల పట్టి ఉంచడానికి. మనకు కావాల్సింది ఎండనూ వాననూ ఆపడం. బయట 40 డిగ్రీలున్న రోజు షీటు లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. 35 దాటితే టమాటా పుప్పొడి దెబ్బతిని పిందె కట్టదు. కమానులు ఏడాది పొడవునా ఉంచి, పైకప్పు మార్చుకోండి. మార్చి మొదట్లోనే 50 శాతం షేడ్‌నెట్ (ఎండను సగం ఆపే నీడ వల) వేయండి. 75 శాతం నెట్ కారు నిలిపే చోటికి బాగుంటుంది, దాని కింద టమాటా సాగిపోయి పూత తగ్గుతుంది. జూన్ వానలకు షీటు పైవరకే వేసి, పక్కల మూడడుగులు తెరిచి ఉంచండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నారుమడి ఉంటేనే పక్కలు దించండి, పొద్దున్నే ఎత్తేయండి.

ఆకుల సంగతి వేరేగా చూడండి. మధ్యాహ్నం దోనెలా ముడుచుకుని తెల్లారేసరికి విచ్చుకుంటే అది ఎండ దెబ్బే. తెల్లారినా విచ్చుకోక, చిన్నగా, గరుకుగా, అంచులు పసుపెక్కి ఉంటే తెల్లదోమ తెచ్చిన ముడత తెగులు. మొక్కను కదిపితే తెల్లటి పురుగులు పొడిలా లేస్తాయి. ముడత పట్టిన మొక్కకు మందు లేదు, పీకేయండి. కొత్త నారు పెట్టే ముందు తెరిచిన పక్కలకు 40 మెష్ వల (ఇంచుకు 40 కన్నాలుండే సన్న వల) కట్టండి.

ప్రశ్న: వాన పడ్డప్పుడల్లా కమానుల మధ్య షీటు సంచిలా దిగి నీళ్లు నిలుస్తున్నాయి.
– ఎల్‌బీ నగర్

జవాబు: చల్లటి పూట బిగించి ఉంటారు. ఎండకు షీటు సాగి వదులవుతుంది. గాలి లేని రోజు, ఎండెక్కాక, ఇద్దరు చెరో పక్క పట్టుకుని లాగి క్లిప్పులు వేయండి. నడినెత్తి పైపు కమానుల కింద కట్టి ఉన్నా షీటు దిగుతుంది, దాన్ని కమానుల పైకి మార్చండి. నిలిచిన నీళ్లను గుడ్డ చుట్టిన కర్రతో లోపలి నుంచి ఎత్తి పారబోయండి. చిల్లు పొడిచారా, చిరుగు అక్కడి నుంచే మొదలు.

ప్రశ్న: వల కట్టాక పురుగు తగ్గింది గానీ సొర, బీర పిందెలు వేలెడంత కాగానే పసుపెక్కి రాలిపోతున్నాయి. ఎరువు చాలడం లేదా?
– ఒక పాఠకురాలు, అల్వాల్

జవాబు: ఎరువు కాదండీ, వల పురుగుతో పాటు పువ్వుల మీద వాలే వాటినీ ఆపేసింది. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళ మగ పువ్వు కోసి, రేకులు తుంచేసి, నడిమి పొడిని ఆడ పువ్వు మధ్యన మెల్లగా అద్దండి. పువ్వు కింద చిన్న పిందె ఉన్నది ఆడది, ఉత్త కాడ ఉన్నది మగది. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకు సరిపోతుంది. దోస పూసేది పొద్దున కాబట్టి దాని పని అప్పుడే చూసుకోవాలి.