ఎంపీసీ చదివినా క్యాన్సర్ వైద్యంలోకి దారుంది

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ ఫైనలియర్. క్యాన్సర్ వైద్య చరిత్ర చదివి ఆ రంగంలోకే వెళ్తానంటోంది. బైపీసీ కాదు కదా, కుదురుతుందా? – ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: కుదురుతుందండీ. ఆ ఉద్యోగం పేరు మెడికల్ ఫిజిసిస్ట్. అసలు రేడియేషన్ వైద్యం పుట్టిందే ఫిజిక్స్ ల్యాబులో. 1895 నవంబరులో జర్మన్ ఫిజిక్స్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెడితే, మరుసటి ఏడాదికే వాటిని క్యాన్సర్ మీద వాడి చూశారు. 1951లో కెనడాలో కోబాల్ట్-60 (రేడియేషన్ వెలువరించే లోహం) వైద్యం మొదలైంది. దాని అర్ధాయువు (బలం సగానికి తగ్గే కాలం) 5.27 ఏళ్లు. అంటే నెలకు సుమారు 1 శాతం బలం తగ్గుతుంది, ఆ మేరకు రోగికి రేడియేషన్ ఇచ్చే సమయం పెంచుతూ పోవాలి. 1953లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో లినాక్ (కరెంటుతో ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) వచ్చాకా లెక్కల పని తగ్గలేదు, పెరిగింది.

డాక్టరు 'రోజుకు 2 గ్రే, 25 రోజులు' అని రాస్తారు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలమానం). యంత్రం సరిగ్గా 2 గ్రే ఇస్తోందా లేదా చూసేది ఫిజిసిస్టే. నీళ్ల ఫాంటమ్‌లో (రోగి శరీరానికి బదులు వాడే నీళ్ల తొట్టి) అయాన్ ఛాంబర్ అనే రేడియేషన్ కొలిచే పరికరం ఉంచి కొలుస్తారు. ఛాంబర్‌లో ఉండేది మామూలు గాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి అక్కడ గాలి పలచన, రీడింగ్ 6 శాతం దాకా తక్కువ వస్తుంది. విశాఖలో ఈ తేడా దాదాపు ఉండదు. ఈ తేడాను సరిచేసే లెక్కలో, గదిలో బారోమీటరు చూడకుండా వాతావరణ యాప్‌లోని పీడనం వేశారా, కొంప మునిగినట్టే. అది సముద్రమట్టానికి సరిచేసిన అంకె. యంత్రం తక్కువ ఇస్తోందనుకుని డోసు పెంచేస్తారు, రోగికి 6 శాతం ఎక్కువ పడుతుంది.

దారులు రెండు. రెండేళ్ల ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ (చెన్నై అన్నా యూనివర్సిటీలో ఉంది) ఒకటి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, ముంబయి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)లో ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేయడం రెండోది. నన్నడిగితే రెండోదే మేలు. మధ్యలో మనసు మారినా ఫిజిక్స్ పీజీ చేతిలో ఉంటుంది. ఏ దారైనా రేడియోథెరపీ విభాగంలో 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే: ఫీజు కట్టేశాక, ఇంటర్న్‌షిప్ చూపించే బాధ్యత కాలేజీది కాదని తెలుస్తుంది. చేరకముందే ఏ ఆసుపత్రిలో ఇప్పిస్తారో, కోర్సు అణుశక్తి నియంత్రణ బోర్డు (ఏఈఆర్‌బీ) అర్హతలకు సరిపోతుందో రాతపూర్వకంగా అడగండి. తర్వాత రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ పరీక్ష కూడా పాసైతే ఆసుపత్రుల్లో గిరాకీ ఎక్కువ.

రేడియోథెరపీ టెక్నాలజీ బీఎస్సీ వేరే కోర్సు. అది యంత్రం నడిపే టెక్నాలజిస్టులది, దానితో ఫిజిసిస్ట్ కాలేరు.